కెపాసిటర్, ఇండక్టర్ విలువలు సరిగ్గా కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రిపేర్ బెంచీ మీద పనిచేసేవాళ్లు, సొంతంగా సర్క్యూట్లు కట్టుకునేవాళ్లు, ల్యాబ్‌లో కొత్తగా ఎల్‌సీఆర్ మీటర్ (ఇండక్టెన్స్ అంటే ఎల్, కెపాసిటెన్స్ అంటే సీ, రెసిస్టెన్స్ అంటే ఆర్ కొలిచే మీటర్) పట్టుకున్న విద్యార్థులు ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఉన్నాయి. లెక్కలు వచ్చిన చోట అసలు అంకెలతోనే రాశాను, క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని సరిచూసుకోవచ్చు.

ఒకే కెపాసిటర్‌ని రెండు మీటర్లతో కొలిస్తే రెండు విలువలు వస్తున్నాయి. ఏది నమ్మాలి?

రెండూ నిజమే అయ్యుండొచ్చు. ఏ మీటరూ కెపాసిటెన్స్‌ని నేరుగా చూడలేదు. ఎల్‌సీఆర్ మీటర్ ఒక చిన్న ఏసీ సిగ్నల్ పంపి, వోల్టేజీ ఎంత, కరెంటు ఎంత, రెండింటి మధ్య ఫేజ్ తేడా ఎంత అని చూస్తుంది. దాన్నుంచి ఇంపిడెన్స్, అంటే ఏసీకి ఆ పార్ట్ ఇచ్చే మొత్తం అడ్డు, తేలుతుంది. అక్కడి నుంచి మైక్రోఫారడ్ దాకా వచ్చేదంతా లెక్కే. ఆ లెక్కలోకి ఫ్రీక్వెన్సీ, సిగ్నల్ వోల్టేజీ, సిరీస్ మోడా పారలల్ మోడా అన్న ఎంపిక, కెపాసిటర్ మీద అప్పుడున్న డీసీ వోల్టేజీ, దాని టెంపరేచర్ అన్నీ వస్తాయి. ఒక మీటర్ 120 హెర్ట్జ్‌లో, ఇంకోటి 1 కిలోహెర్ట్జ్‌లో కొలిస్తే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ రెండు వేర్వేరు విలువలు చూపించి తీరుతుంది.

కాబట్టి ముందు డేటాషీట్ తీసి, తయారీదారు ఏ పరిస్థితుల్లో కొలిచాడో చూడండి. "120 హెర్ట్జ్, 20 డిగ్రీలు, ప్లస్ ఆర్ మైనస్ 20 శాతం" అని ఉంటే, ఆ 20 శాతం అనేది ఆ 120 హెర్ట్జ్‌కి, ఆ 20 డిగ్రీలకే వర్తిస్తుంది. మీరు 10 కిలోహెర్ట్జ్‌లో కొలిచి "టాలరెన్స్ దాటింది" అంటే తయారీదారు ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

మల్టీమీటర్‌లోనే కెపాసిటెన్స్ రేంజ్ ఉంది. అది చాలదా?

విలువ రమారమి ఎంతుందో, పార్ట్ పూర్తిగా పోయిందో లేదో తెలుసుకోవడానికి చాలు. చాలా మల్టీమీటర్లు తెలిసిన కరెంటుతో కెపాసిటర్‌ని ఛార్జ్ చేసి, వోల్టేజీ ఎంత సేపట్లో పెరిగిందో చూసి విలువ లెక్కిస్తాయి. ఫేజ్ చూడవు కాబట్టి ఈఎస్ఆర్ (కెపాసిటర్‌తో సిరీస్‌లో ఉన్నట్టు కనిపించే లోపలి రెసిస్టెన్స్) గురించి, డిసిపేషన్ (లోపల జరిగే నష్టం) గురించి ఏమీ చెప్పలేవు.

ఇక్కడో తిరకాసు ఉంది. లీకవుతున్న కెపాసిటర్‌లో ఛార్జింగ్ కరెంటులో కొంత లోపల్నుంచే కారిపోతుంది, అందుకని వోల్టేజీ నెమ్మదిగా పెరుగుతుంది. మీటర్‌కి అది "పెద్ద కెపాసిటర్" లాగా కనిపిస్తుంది. 100 మైక్రోఫారడ్ అని రాసి ఉన్న పాత ఎలక్ట్రోలిటిక్ 140 చూపిస్తే సంతోషించకండి, దాన్ని అనుమానించండి.

ఏ ఫ్రీక్వెన్సీలో కొలవాలి?

డేటాషీట్ చెప్పిన ఫ్రీక్వెన్సీలో. డేటాషీట్ దొరక్కపోతే ఆ పార్ట్ చేసే పనికి దగ్గరగా ఉన్న ఫ్రీక్వెన్సీలో. అదీ తెలియకపోతే, కొలిచేదాని ఇంపిడెన్స్ మరీ చిన్నదిగానూ మరీ పెద్దదిగానూ లేని చోట కొలవండి. ఈ మూడోది చాలామంది పట్టించుకోరు గానీ, తప్పు రీడింగుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

ఉదాహరణకు 10 పికోఫారడ్ కెపాసిటర్ 100 హెర్ట్జ్‌లో సుమారు 159 మెగాఓమ్‌లు. మామూలు మీటర్‌కి అది ఖాళీ క్లిప్పులతో సమానం, రీడింగ్ ఊగిసలాడుతూనే ఉంటుంది. అదే కెపాసిటర్ 100 కిలోహెర్ట్జ్‌లో 159 కిలోఓమ్‌లు, హాయిగా కొలవచ్చు. అటు చివర 1000 మైక్రోఫారడ్ తీసుకుంటే 100 కిలోహెర్ట్జ్‌లో దాని రియాక్టెన్స్ (కెపాసిటెన్స్ వల్ల మాత్రమే వచ్చే అడ్డు) 1.6 మిల్లీఓమ్ మాత్రమే. అక్కడ మీటర్‌కి కనిపించేది దాని ఈఎస్ఆర్, లీడ్స్ ఇండక్టెన్స్, అంతే. అలాంటిచోట కెపాసిటెన్స్ నెగెటివ్‌లో చూపించినా మీటర్ పాడైనట్టు కాదు. ఆ ఫ్రీక్వెన్సీలో ఆ పార్ట్ నిజంగానే ఇండక్టర్‌లా ప్రవర్తిస్తోంది.

వాడుకలో ఉన్న పద్ధతి ఇది: ఎలక్ట్రోలిటిక్‌లకు 100 లేదా 120 హెర్ట్జ్, ఫిల్మ్ కెపాసిటర్లకూ మామూలు సిరామిక్‌లకూ 1 కిలోహెర్ట్జ్, 1000 పికోఫారడ్ లోపు ఉండే సీ0జీ రకాలకు (విలువ చాలా స్థిరంగా ఉండే సిరామిక్‌లకు) 1 మెగాహెర్ట్జ్. మీ మీటర్ 100 కిలోహెర్ట్జ్‌తో ఆగిపోతే చిన్న సీ0జీ లను అక్కడే కొలవండి, అవి ఫ్రీక్వెన్సీతో పెద్దగా మారవు. 100, 120 అంకెలు గాల్లోంచి వచ్చినవి కావు. 50, 60 హెర్ట్జ్ మెయిన్స్‌ని ఫుల్‌వేవ్ రెక్టిఫై చేస్తే వచ్చే రిపుల్ ఫ్రీక్వెన్సీలు అవి.

సిరీస్ మోడా, పారలల్ మోడా?

నిజమైన కెపాసిటర్‌లో నష్టం ఉంటుంది. ఆ నష్టాన్ని సిరీస్‌లో ఒక చిన్న రెసిస్టర్‌గా అనుకోవచ్చు, పారలల్‌లో ఒక పెద్ద రెసిస్టర్‌గానూ అనుకోవచ్చు. ఎలా అనుకుంటే దాన్నిబట్టి కెపాసిటెన్స్ లెక్క మారుతుంది. సిరీస్ విలువ ఎప్పుడూ పారలల్ విలువకు (1 + డీ²) రెట్లు. డీ అంటే డిసిపేషన్ ఫ్యాక్టర్, సిరీస్ రెసిస్టెన్స్‌ని రియాక్టెన్స్‌తో భాగిస్తే వచ్చేది.

డీ 0.01 ఉంటే తేడా 0.01 శాతం, ఎవరికీ పట్టదు. 0.1 ఉంటే 1 శాతం. పాతబడి ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్‌లో డీ 0.5 దాకా వెళ్లిందనుకోండి, రెండు మోడ్‌ల మధ్య 25 శాతం తేడా వస్తుంది. రెండు మోడ్‌లూ మార్చి చూసి విలువ కదిలితే ఆ పార్ట్‌లో నష్టం ఎక్కువగా ఉందని అప్పుడే తెలిసిపోతుంది. నేనైతే దీన్ని ఒక చిన్న పరీక్షగా వాడతాను.

ఇంపిడెన్స్ 10 ఓమ్‌ల లోపు ఉంటే సిరీస్, 10 కిలోఓమ్‌లు దాటితే పారలల్ అన్నది వాడుకలో ఉన్న లెక్క. మధ్యలో ఉంటే డేటాషీట్ మాటే మాట. ఆటో మోడ్‌లో పెట్టి వదిలేసే అలవాటుంటే, రీడింగ్ రాసుకునేటప్పుడు మీటర్ ఏ మోడ్ ఎంచుకుందో కూడా రాసుకోండి.

ఓపెన్, షార్ట్ కాంపెన్సేషన్ ప్రతిసారీ చేయాలా?

క్లిప్పుల్ని ఒకసారి విడిగా (ఓపెన్), ఒకసారి కలిపి (షార్ట్) ఉంచి, అవీ కేబులూ రీడింగ్‌లో కలిపేదాన్ని మీటర్ చేత ముందే కొలిపించి తీసేయించడమే ఇది. క్లిప్పులు మార్చినా, కేబుల్ మార్చినా, ఫ్రీక్వెన్సీ మార్చినా చేయాలి. ఫిక్స్చర్ (పార్ట్‌ని పట్టి ఉంచే అమరిక) కదపకుండా అదే ఫ్రీక్వెన్సీలో వరసగా కొలుస్తుంటే రోజు మొదట్లో ఒకసారి చాలు. మీటర్ ఆన్ చేసిన వెంటనే కాదు, అరగంట వేడెక్కనిచ్చాక.

ఎలా చేస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. ఓపెన్ అంటే క్లిప్పుల్ని బల్ల మీద ఎలాపడితే అలా పారేసి బటన్ నొక్కడం కాదు. కొలవబోయే పార్ట్ పట్టుకున్నప్పుడు రెండు క్లిప్పుల మధ్య ఎంత దూరం ఉంటుందో అంతే దూరంలో, అదే తీరులో ఉంచి చేయాలి. క్లిప్పులు దగ్గరైతే వాటి మధ్య కెపాసిటెన్స్ పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. 4.7 పికోఫారడ్ కొలిచేటప్పుడు ఆ తేడానే రీడింగ్‌లో పెద్ద వాటా తీసేసుకుంటుంది. చెయ్యి దగ్గరికి తెస్తే అంకె కదలడం కూడా ఇక్కడ మామూలే, పార్ట్ పెట్టి చెయ్యి తీసేయండి.

షార్ట్‌లో పొరపాటు ఇంకో రకం. రెండు క్లిప్పులకీ మధ్య మూడు సెంటీమీటర్ల వైరు ముక్క పెట్టి షార్ట్ చేస్తారు. ఆ వైరుకే సుమారు 20 నుంచి 30 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. దాన్ని మీటర్ "సున్నా" అనుకుని ప్రతి రీడింగ్‌లోంచీ తీసేస్తుంది. 100 మైక్రోహెన్రీ కాయిల్‌కి ఇది లెక్కలోకి రాదు. 1 మైక్రోహెన్రీకి రెండు మూడు శాతం తప్పు, అదీ ప్రతిసారీ ఒకే దిక్కులో. వీలైనంత పొట్టిగా, వెడల్పుగా ఉన్న రాగి పట్టీ వాడండి.

కెపాసిటర్ చిన్నదైతే ఓపెన్ కాంపెన్సేషన్, ఇండక్టర్ చిన్నదైనా కెపాసిటర్ పెద్దదైనా షార్ట్ కాంపెన్సేషన్ ప్రాణం. రెండూ చేసుకోవడానికి పట్టేది నిమిషం.

నాలుగు వైర్ల కెల్విన్ క్లిప్పులు నిజంగా అవసరమా?

తక్కువ ఇంపిడెన్స్ కొలిచేటప్పుడు తప్పనిసరి. రెండు వైర్లలోనే కరెంటు పంపి, అవే రెండు వైర్ల మీద వోల్టేజీ చూస్తే వైరు రెసిస్టెన్స్, క్లిప్ అంటుకునే చోట ఉండే కాంటాక్ట్ రెసిస్టెన్స్ రీడింగ్‌లో కలిసిపోతాయి. అవన్నీ కలిపి 100 మిల్లీఓమ్‌లు తేలిగ్గా ఉంటాయి. మీరు కొలుస్తున్న పాలిమర్ కెపాసిటర్ ఈఎస్ఆర్ 10 మిల్లీఓమ్‌లే. కెల్విన్ పద్ధతిలో కరెంటుకి ఒక జత, వోల్టేజీకి ఇంకో జత వేరుగా వెళ్తాయి. వోల్టేజీ జతలో కరెంటు దాదాపుగా ఉండదు కాబట్టి ఆ వైర్లలో డ్రాప్ కూడా ఉండదు.

కెల్విన్ క్లిప్ రెండు దవడలూ విద్యుత్‌పరంగా వేరువేరు. ఆ రెండూ పార్ట్ కాలు దగ్గరే కలవాలి. కాలు ఒక దవడకే తగిలి రెండోది ఖాళీగా ఉంటే రీడింగ్ పిచ్చిపిచ్చిగా వస్తుంది. తుప్పు పట్టిన కాళ్లని ముందు కొంచెం గీకి కొలవండి.

22 మైక్రోఫారడ్ చిప్ సిరామిక్ కొన్నాను, మీటర్ 15 చూపిస్తోంది. డూప్లికేట్ అంటగట్టారా?

అంత తొందరగా అనుకోవద్దు. ఈ ప్రశ్న చాలా తరచుగా వస్తుంది, చాలాసార్లు పార్ట్ మంచిదే.

ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ లాంటి రెండో తరగతి సిరామిక్‌ల విలువ, వాటి మీద పడే ఏసీ వోల్టేజీని బట్టి మారుతుంది. తయారీదారులు 10 మైక్రోఫారడ్ దాకా సాధారణంగా 1 కిలోహెర్ట్జ్, 1 వోల్ట్ ఆర్‌ఎంఎస్ దగ్గర, అంతకంటే పెద్దవాటికి 120 హెర్ట్జ్, 0.5 వోల్ట్ దగ్గర కొలుస్తారు. మీరు మీటర్‌లో 1 కిలోహెర్ట్జ్, 1 వోల్ట్ అని సెట్ చేశారనుకుందాం. 22 మైక్రోఫారడ్ 1 కిలోహెర్ట్జ్‌లో 7.2 ఓమ్‌లు. మీటర్ లోపలి ఔట్‌పుట్ రెసిస్టెన్స్ 100 ఓమ్‌లైతే, ఆ 1 వోల్ట్‌లో కెపాసిటర్ దాకా చేరేది 0.07 వోల్ట్ మాత్రమే. మిగతాదంతా మీటర్ లోపలే పడిపోతుంది. 0.07 వోల్ట్‌లో ఈ రకం డైఎలక్ట్రిక్ (ప్లేట్ల మధ్య ఉండే పదార్థం) పూర్తి కెపాసిటెన్స్ ఇవ్వదు, అందుకే రీడింగ్ బాగా తక్కువగా వస్తుంది. ఫ్రీక్వెన్సీని 120 హెర్ట్జ్‌కి మార్చండి. మీటర్‌లో ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్ ఉంటే దాన్ని ఆన్ చేయండి, అప్పుడు మీటర్ పార్ట్ దగ్గరే వోల్టేజీ చూసుకుంటూ దాన్ని నిలబెడుతుంది. విలువ ఎగబాకడం మీ కళ్లముందే కనిపిస్తుంది.

రెండోది వయసు. ఈ సిరామిక్‌లు చివరిసారి బాగా వేడెక్కినప్పటి నుంచి నెమ్మదిగా కెపాసిటెన్స్ కోల్పోతూ ఉంటాయి. గంట నుంచి పది గంటలకు ఎంత పోతుందో, పది నుంచి వంద గంటలకు మళ్లీ ఇంచుమించు అంతే పోతుంది. 150 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచితే వయసు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే అలా వేడిచేసి, 24 గంటలు మామూలు టెంపరేచర్‌లో ఉంచాక కొలవమని డేటాషీట్లు చెబుతాయి. సోల్డర్ చేసిన వెంటనే కొలిస్తే ఎక్కువ చూపించడానికి కారణమూ ఇదే.

మూడోది మీటర్ మీద కనిపించదు గానీ సర్క్యూట్‌లో మాత్రం దెబ్బతీస్తుంది: డీసీ బయాస్. 6.3 వోల్ట్ రేటింగ్ ఉన్న చిన్న 0402 సైజు 10 మైక్రోఫారడ్ ఎక్స్5ఆర్ మీద 5 వోల్ట్‌లు పెడితే సగానికి పైగా కెపాసిటెన్స్ పోవడం మామూలే. ఎక్స్7ఆర్ అన్న పేరు మైనస్ 55 నుంచి 125 డిగ్రీల వరకు ప్లస్ ఆర్ మైనస్ 15 శాతం అని హామీ ఇస్తుంది. ఆ హామీ టెంపరేచర్‌కి మాత్రమే, డీసీ వోల్టేజీకి కాదు. బయాస్ ఇవ్వగల మీటర్ ఉంటే దానితో కొలవండి. లేకపోతే తయారీదారు ఇచ్చే బయాస్ గ్రాఫ్ చూడండి. సీ0జీ రకానికి ఈ మూడు తలనొప్పులూ లెక్కలోకి తీసుకునేంత ఉండవు.

ఇంతా చూశాక కూడా 15 దగ్గరే ఉంటే, అప్పుడు అమ్మినవాళ్లని అడగండి.

ఈఎస్ఆర్ ఏ ఫ్రీక్వెన్సీలో చూడాలి?

స్విచింగ్ పవర్ సప్లైలో వాడే ఎలక్ట్రోలిటిక్‌లకు 100 కిలోహెర్ట్జ్. అక్కడ పెద్ద కెపాసిటర్ రియాక్టెన్స్ దాదాపు మాయమై ఇంపిడెన్స్ అంటే ఈఎస్ఆరే అన్నంత దగ్గరకొస్తుంది. 120 హెర్ట్జ్ డీ విలువ నుంచి లెక్కగట్టిన ఈఎస్ఆర్‌ని 100 కిలోహెర్ట్జ్ ఈఎస్ఆర్‌తో పోల్చకండి. 1000 మైక్రోఫారడ్‌కి 120 హెర్ట్జ్‌లో డీ 0.1 అంటే 1.33 ఓమ్‌ల రియాక్టెన్స్‌లో పదో వంతు, అంటే 0.13 ఓమ్. అదే పార్ట్ 100 కిలోహెర్ట్జ్‌లో ఇంకా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే తక్కువ ఫ్రీక్వెన్సీలో ఆక్సైడ్ పొర నష్టం కూడా అందులో కలుస్తుంది.

కెపాసిటెన్స్ బాగానే ఉండి ఈఎస్ఆర్ పెరిగిపోయిన కెపాసిటర్లు రిపేర్‌లో రోజూ కనిపిస్తాయి. పైన ఉబ్బకపోవచ్చు, మల్టీమీటర్‌లో పాస్ అవుతాయి, సప్లై మాత్రం స్టార్ట్ అవ్వదు. చలిలో అసలే కదలదు, హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే లేస్తుంది. ఎలక్ట్రోలైట్ వేడెక్కినప్పుడు ఈఎస్ఆర్ తగ్గుతుంది కాబట్టి.

మీటర్ 0.1 శాతం యాక్యురసీ అంటోంది. క్యూ విలువ కూడా అంతే కచ్చితమా?

కానే కాదు. 0.1 శాతం అనేది మంచి రేంజ్‌లో, మంచి ఫ్రీక్వెన్సీలో, డీ తక్కువగా ఉన్నప్పుడు ఎల్, సీ లకు మాత్రమే. క్యూ అంటే నష్టం ఎంత తక్కువో చెప్పే అంకె. దాన్ని మీటర్ విడిగా కొలవదు, 1 ని డీతో భాగించి చూపిస్తుంది. డీలో ఉన్న చిన్న తప్పు అక్కడ పెద్దదవుతుంది. మీటర్ డీ యాక్యురసీ ప్లస్ ఆర్ మైనస్ 0.002 అనుకోండి. క్యూ 200 అని చూపిస్తే డీ 0.005. నిజమైన డీ 0.003 నుంచి 0.007 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అంటే క్యూ 143 నుంచి 333 మధ్య ఎక్కడైనా. ఎక్కువ క్యూ ఉన్న కాయిల్స్‌ని రెసొనెన్స్ పద్ధతిలో కొలిచేది ఇందుకే.

తెర మీద ఐదారు అంకెలు కనిపించడం రిజల్యూషన్. దాన్ని యాక్యురసీ అనుకోకండి.

1 మైక్రోహెన్రీ ఇండక్టర్ కొలిస్తే ప్రతిసారీ వేరే అంకె వస్తోంది.

బహుశా 1 కిలోహెర్ట్జ్‌లో కొలుస్తున్నారు. అక్కడ దాని రియాక్టెన్స్ 6.3 మిల్లీఓమ్‌లు, రాగి తీగ రెసిస్టెన్స్ దానికి ఎన్నో రెట్లు. మీటర్ ఆ రెసిస్టెన్స్ గుట్టలోంచి కొద్దిపాటి ఫేజ్ తేడాని ఏరుకోవాలి. 100 కిలోహెర్ట్జ్‌కి మార్చండి, రియాక్టెన్స్ 0.63 ఓమ్ అవుతుంది, అంకె కుదురుకుంటుంది. షార్ట్ కాంపెన్సేషన్ మళ్లీ చేయడం మర్చిపోవద్దు.

కాయిల్ కింద ఏముందో కూడా చూడండి. షీల్డ్ లేని కాయిల్‌ని స్టీలు బల్ల మీద, అల్యూమినియం పెట్టె మీద పెట్టి కొలిస్తే దాని అయస్కాంత క్షేత్రం ఆ లోహంలోకి వెళ్తుంది. అల్యూమినియంలో ఎడ్డీ కరెంట్లు పుట్టి ఇండక్టెన్స్ తగ్గుతుంది, క్యూ పడిపోతుంది. చెక్క మీదో, మందమైన ప్లాస్టిక్ మీదో పెట్టండి. లోహం నుంచి కనీసం కాయిల్ వ్యాసమంత దూరం ఉండాలి.

10 మిల్లీహెన్రీ కాయిల్ 10 కిలోహెర్ట్జ్‌లో సరిగ్గా ఉంది, 100 కిలోహెర్ట్జ్‌లో 16.5 చూపిస్తోంది. ఎలా పెరిగింది?

పెరగలేదు. చుట్ల మధ్య ఉండే కెపాసిటెన్స్ కాయిల్‌తో పారలల్‌గా ఉంటుంది. అది 100 పికోఫారడ్ అనుకుంటే కాయిల్ సెల్ఫ్ రెసొనెంట్ ఫ్రీక్వెన్సీ 159 కిలోహెర్ట్జ్. దానికి దగ్గరవుతున్న కొద్దీ కనిపించే ఇండక్టెన్స్ ఎల్ ÷ (1 − (ఎఫ్ ÷ ఎఫ్₀)²) అవుతుంది. ఎఫ్ అంటే కొలిచే ఫ్రీక్వెన్సీ, ఎఫ్₀ అంటే సెల్ఫ్ రెసొనెంట్ ఫ్రీక్వెన్సీ. 100 కిలోహెర్ట్జ్‌లో లెక్క వేయండి, సరిగ్గా 16.5 వస్తుంది. 10 కిలోహెర్ట్జ్‌లో 10.04. రెసొనెన్స్ దాటితే మీటర్ దాన్ని కెపాసిటర్ అంటుంది.

రెసొనెన్స్‌లో పదో వంతు ఫ్రీక్వెన్సీలో కొలిస్తే తప్పు 1 శాతం, ఐదో వంతులో 4 శాతం, మూడో వంతులో 12.5 శాతం. మీకెంత యాక్యురసీ కావాలో దాన్నిబట్టి ఎంచుకోండి.

మీటర్‌లో సరిగ్గా ఉన్న చోక్ (పవర్ ఇండక్టర్) సర్క్యూట్‌లో పెడితే మాస్‌ఫెట్ (స్విచింగ్ ట్రాన్సిస్టర్) కాలిపోతోంది.

మీటర్ కొలిచేది కొన్ని మిల్లీఆంపియర్ల దగ్గర. సర్క్యూట్‌లో ఆ చోక్ గుండా ఆంపియర్లు వెళ్తాయి. కోర్ సాచురేట్ అయిపోతే, అంటే ఇంక ఎక్కువ అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకోలేకపోతే, ఇండక్టెన్స్ కూలిపోతుంది, కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. డేటాషీట్‌లోని సాచురేషన్ కరెంటు అంకెని కూడా చూసి చదవాలి. ఇండక్టెన్స్ 10 శాతం పడిపోయిన చోట అని ఒకరు రాస్తే, 30 శాతం పడిపోయిన చోట అని ఇంకొకరు రాస్తారు. రెండు కంపెనీల చోక్‌లని కేవలం ఆ అంకెతో పోల్చితే మోసపోతారు.

బెంచీ మీద దీన్ని కళ్లతో చూడొచ్చు. చోక్‌కి ఒక మాస్‌ఫెట్‌తో కొన్ని మైక్రోసెకన్ల పల్స్ ఇచ్చి, కరెంట్ ప్రోబ్‌తో లేదా చిన్న షంట్ రెసిస్టర్ మీద స్కోప్‌లో కరెంటు చూడండి. పల్సుల మధ్య చాలా ఎడం ఉంచండి, మాస్‌ఫెట్ ఆఫ్ అయినప్పుడు కరెంటు పోవడానికి చోక్‌కి అడ్డంగా ఒక డయోడ్ పెట్టండి. 47 మైక్రోహెన్రీకి 12 వోల్ట్‌లు ఇస్తే కరెంటు మైక్రోసెకనుకి 0.255 ఆంపియర్ చొప్పున, గీత గీసినట్టు తిన్నగా పెరగాలి. 4 మైక్రోసెకన్లకు దాదాపు 1 ఆంపియర్. పల్స్ పొడవు కొంచెం కొంచెం పెంచుతూ పోండి. ఒకచోట ఆ తిన్నని గీత పైకి వంగడం మొదలవుతుంది. సాచురేషన్ మొదలైన కరెంటు అదే. వంగని భాగం నుంచి ఇండక్టెన్స్ కూడా వస్తుంది: వోల్టేజీని కాలంతో గుణించి, కరెంటు పెరుగుదలతో భాగించండి. నా మటుకు నాకు పవర్ చోక్‌ల విషయంలో ఎల్‌సీఆర్ మీటర్ కంటే ఈ పరీక్ష మీదే నమ్మకం ఎక్కువ.

ఇనుప కోర్ చోక్‌లకు ఇంకో సంగతి. సిగ్నల్ లెవెల్ మారిస్తే విలువ మారుతుంది, కోర్ పర్మియబిలిటీ ఫ్లక్స్‌ని బట్టి మారుతుంది కాబట్టి. ఏ లెవెల్‌లో కొలిచారో చెప్పకుండా వాటి ఇండక్టెన్స్ చెప్పడంలో అర్థం లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ లీకేజ్ ఇండక్టెన్స్ ఎలా కొలవాలి?

సెకండరీలు ఓపెన్‌గా వదిలి ప్రైమరీ కొలిస్తే మొత్తం ఇండక్టెన్స్. సెకండరీని షార్ట్ చేసి ప్రైమరీ కొలిస్తే లీకేజ్, అంటే సెకండరీకి చేరని క్షేత్రం తాలూకు ఇండక్టెన్స్. షార్ట్ చేసే వైరు పొట్టిగా, లావుగా ఉండాలి. కొద్ది చుట్లే ఉన్న సెకండరీకి పొడుగాటి వైరు పెడితే దాని ఇండక్టెన్స్ చుట్ల నిష్పత్తి వర్గంతో గుణించి ప్రైమరీ వైపు కనిపిస్తుంది.

బోర్డు మీంచి తీయకుండా కొలవచ్చా?

విలువ కొలవడానికి కుదరదు. చుట్టూ ఉన్నవన్నీ పారలల్‌గా కలుస్తాయి. పార్ట్ ఒక కాలు లేపి కొలవడమే దారి.

ఈఎస్ఆర్‌కి మాత్రం కొంతవరకు కుదురుతుంది. ఈఎస్ఆర్ మీటర్లు 100 మిల్లీవోల్ట్‌ల వంటి తక్కువ సిగ్నల్ వాడతాయి, అందుకని డయోడ్లు, ట్రాన్సిస్టర్లు ఆన్ అవ్వవు. ఈఎస్ఆర్ చాలా చిన్నది కాబట్టి పక్కనున్న కిలోఓమ్ రెసిస్టర్లూ లెక్కలోకి రావు. కానీ రెండు ఫిల్టర్ కెపాసిటర్లు పారలల్‌గా ఉంటే మంచిది చెడ్డదాన్ని దాచేస్తుంది. షార్ట్ అయిన కెపాసిటర్ కూడా ఈఎస్ఆర్ మీటర్‌లో "అద్భుతంగా" కనిపిస్తుంది, కాబట్టి ఓమ్ రేంజ్‌లో కూడా ఒకసారి చూడండి.

కొలిచే ముందు డిశ్చార్జ్ చేయడం అంత ముఖ్యమా?

మీటర్‌కీ, మీకూ ముఖ్యమే. 400 వోల్ట్‌లకు ఛార్జ్ అయిన 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో 8 జౌళ్ల శక్తి ఉంటుంది. అది మీటర్ ఇన్‌పుట్‌ని కాల్చేస్తుంది, చేతికి తగిలితే ప్రాణం మీదకు రావచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్‌మనిపించే పద్ధతి మానేయండి, టెర్మినల్ దెబ్బతింటుంది, లోహం చిట్లి కంట్లో పడొచ్చు. 2.2 కిలోఓమ్, 10 వాట్ వైర్‌వౌండ్ రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు తగిలించుకుని ఉంచుకోండి. ఈ కెపాసిటర్‌కి టైమ్ కాన్‌స్టంట్ 0.22 సెకను, రెండు సెకన్లు పట్టుకుంటే చాలు. ఆ తర్వాత వోల్ట్‌మీటర్ పెట్టి చూడాలి. రెసిస్టర్ తీసేశాక డైఎలక్ట్రిక్ అబ్జార్ప్షన్ వల్ల వోల్టేజీ కొంత తిరిగి లేస్తుంది. కొలిచేది ఆలస్యమైతే మళ్లీ డిశ్చార్జ్ చేయండి.

ఎల్‌సీఆర్ మీటర్ లేదు. సిగ్నల్ జనరేటర్, స్కోప్ ఉన్నాయి.

ఇండక్టర్‌కి రెసొనెన్స్ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. విలువ నిక్కచ్చిగా తెలిసిన సీ0జీ లేదా పాలిస్టైరీన్ కెపాసిటర్‌ని కాయిల్‌కి పారలల్‌గా పెట్టండి. జనరేటర్ నుంచి 10 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా సిగ్నల్ ఇచ్చి, ఈ జంట మీద వోల్టేజీ ఎక్కడ గరిష్ఠమవుతుందో ఫ్రీక్వెన్సీ తిప్పుతూ పట్టుకోండి. ఇండక్టెన్స్ = 1 ÷ (39.48 × ఎఫ్² × సీ). 1 నానోఫారడ్‌తో 503 కిలోహెర్ట్జ్ దగ్గర శిఖరం వస్తే కాయిల్ 100 మైక్రోహెన్రీ.

ప్రోబ్‌ని 10ఎక్స్‌లో పెట్టండి. అప్పుడు అది కలిపేది 10 నుంచి 15 పికోఫారడ్, 1 నానోఫారడ్ మీద ఒక శాతం పైచిలుకు, దాన్ని లెక్కలో కలుపుకోవచ్చు. 1ఎక్స్‌లో వదిలేస్తే 100 పికోఫారడ్ దాకా కలుస్తుంది, రీడింగ్ పదో వంతు తప్పుతుంది.

కెపాసిటర్‌కి అయితే తెలిసిన రెసిస్టర్ ద్వారా స్క్వేర్ వేవ్ ఇచ్చి, 63.2 శాతానికి చేరే సమయం చూడండి. 10 కిలోఓమ్‌తో 1 మిల్లీసెకను వస్తే 100 నానోఫారడ్. స్కోప్ తెర మీద కర్సర్ పెట్టి చదివే విలువ రెండు మూడు శాతం కంటే మెరుగ్గా రావడం కష్టం.

సూపర్ కెపాసిటర్?

ఎల్‌సీఆర్ మీటర్ పక్కన పెట్టేయండి. పూర్తిగా ఛార్జ్ చేసి కాసేపు అదే వోల్టేజీలో ఉంచి, స్థిరమైన కరెంటుతో డిశ్చార్జ్ చేస్తూ సమయం చూడాలి. 10 మిల్లీఆంపియర్లతో 2 వోల్ట్‌ల నుంచి 1 వోల్ట్‌కి దిగడానికి 100 సెకన్లు పడితే 1 ఫారడ్. డిశ్చార్జ్ మొదలైన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా కిందికి జారుతుంది, అది లోపలి రెసిస్టెన్స్ వల్ల. ఆ జారుడు అయిపోయాక ఉన్న వాలు నుంచే లెక్కించండి.

నా మీటర్ సరిగ్గా చూపిస్తోందో లేదో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

కాలిబ్రేషన్‌కి ప్రత్యామ్నాయం లేదు గానీ, తేడా వచ్చిందని పసిగట్టడానికి కొన్ని పార్ట్‌లు విడిగా దాచుకోండి: 1 శాతం సీ0జీ 1 నానోఫారడ్, పాలిప్రొపిలీన్ ఫిల్మ్ 100 నానోఫారడ్, కోర్ లేకుండా గట్టి గొట్టం మీద చుట్టిన ఒక ఎయిర్ కోర్ కాయిల్, 100 ఓమ్‌ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్. ఎయిర్ కోర్ ఎందుకంటే దానికి సాచురేషన్ లేదు, లెవెల్ మారితే విలువ మారదు. రెసిస్టర్‌ని అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ కొలవండి. ప్రతిచోటా 100 ఓమ్‌లే, ఫేజ్ సున్నాకి దగ్గరగా రావాలి. 100 కిలోహెర్ట్జ్‌లో మాత్రమే ఫేజ్ పక్కకి పోతే కేబుల్‌నో, కాంపెన్సేషన్‌నో అనుమానించాలి.

పెద్ద ప్రమాణ ప్రయోగశాలలకి ఈ గొడవ ఇంకో స్థాయిలో ఉంటుంది. 1956లో థాంప్సన్, లాంపార్డ్ అనే ఇద్దరు ఆస్ట్రేలియన్ శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం నిరూపించారు. పొడుగాటి ఎలక్ట్రోడ్లు నాలుగింటిని పక్కపక్కన సరైన తీరులో అమరిస్తే, ఎదురెదురు వాటి మధ్య కెపాసిటెన్స్ వాటి పొడవు మీదే ఆధారపడుతుంది. అంటే ఫారడ్‌ని స్కేలుతో కొలిచినట్టే. ఆ పొడవుని లేజర్ ఇంటర్‌ఫెరోమీటర్‌తో కొలుస్తారు.

మన పెట్టెలోని రిఫరెన్స్ పార్ట్‌లకు అంత అవసరం లేదు. మీటర్ కొత్తగా ఉన్నప్పుడు, లేదా కాలిబ్రేషన్ నుంచి వచ్చిన రోజున వాటి విలువలు ఫ్రీక్వెన్సీ, లెవెల్, మోడ్, గది టెంపరేచర్‌తో సహా ఒక చీటీ మీద రాసి ఆ పెట్టెలోనే పెట్టండి. తర్వాత ఎప్పుడు కొలిచినా అవే సెట్టింగుల్లో కొలవండి. వేళ్లతో పట్టుకున్న పార్ట్ వేడి తగ్గేదాకా ఒక నిమిషం ఆగండి.